ఎలుకల గదిలో నీళ్ళు తాగే దెయ్యం

1987 నవంబరు 12, గురువారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. ఎండ మొహమే లేదు. ఆ ప్రయోగశాల నేలమాళిగలో ఉన్న ఎలుకల గదికి ఒంటరిగా వెళ్ళడానికి ఆ రోజు ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ గదికి చెడ్డపేరు వచ్చి నెలైంది. అక్కడ పగలే రాత్రి. ఎలుకలు తిరిగేది చీకట్లో, మనుషులు పనిచేసేది పగలు. అందుకని పగలంతా దీపాలార్పి, ఎలుకల కళ్ళకు ఆనని ఎర్రబల్బు ఒక్కటే ఉంచేవారు. 

ఆ చీకట్లో... చప్... చప్... ఎవరో నీళ్ళు తాగుతున్న చప్పుడు!

అవి తొందరగా ముసలయ్యే జాతి ఎలుకలు. ఆరు నెలలకే గూని, ఏడాదికి బోడిగుండు. పరిశోధన చేసే అమ్మాయి వాటిలో సగానికి ఆయుష్షు పెంచే మందు కలిపిన నీళ్ళు పెట్టేది, సగానికి ఉత్త నీళ్ళు. చచ్చిన ఎలుకలే దెయ్యాలై దాహానికొస్తున్నాయని ఊడ్చేవాడు అన్నాడు. తోటమాలి వాటికి కోరలు కూడా తగిలించాడు.

అసలు బాధ ఎలుకల బాబాయిది. మేతా నీళ్ళూ చూసే మనిషి ఆయనే. తాగిన నీళ్ళు రోజూ కొలవాలి.

"గ్లాసుడు నీళ్ళు తాగిందా బాబాయ్? అది ఎలుకా, ఏనుగా?" అని అమ్మాయి తల పట్టుకుంది. ఇంకొక్కసారి లెక్క తప్పితే ఉద్యోగం ఊడినట్టేనని పైవాళ్ళు తేల్చేశారు.

అందుకే ఆ గురువారం బాబాయి గుండె దిటవు చేసుకుని, ఒక్కడే వెళ్ళి మేత బస్తాల వెనక నక్కాడు. ఎలుకలు చక్రాలు తిప్పుతున్నాయి. కిర్ర్... కిర్ర్...

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

తలుపు కదిలింది. ఎర్రటి మసకలో ఒక గూని ఆకారం... బోడిగుండు. అచ్చం చచ్చిన ఎలుకే — కాకపోతే మనిషంత! అది ఒక సీసా ఊడదీసి, పైకెత్తి...

చప్... చప్...

"దె... దెయ్యంగారూ!" బాబాయి కేక పెట్టాడు. "నా ఉద్యోగం పోతుందండీ!"

"ష్... నేనేరా!"

ఆ ప్రయోగశాలను నిలబెట్టి, ఎప్పుడో రిటైరైన పెద్ద ప్రొఫెసరు గారు!

"ఇదేం పని సార్, ఈ వయసులో!"

"మా అల్లుడు నా గదికి కొత్త పరదాల కోసం కొలతలు తీస్తున్నాడురా... నేనింకా బతికుండగానే! వాడి కళ్ళ ముందు ఇంకో పదేళ్ళు తిరగాలి. చూడు, ఈ మందుతో మోకాళ్ళ నొప్పి మాయం!" గొంతుక్కూర్చుని, చటుక్కున లేచి చూపించారు.

కేక విని అమ్మాయి పరిగెత్తుకొచ్చి తలుపు బార్లా తెరిచింది. తెల్లటి వెలుతురు లోపల పడింది.

"సార్... మందు సీసాలకు ఎర్ర చీటీ. ఎర్రబల్బు కింద ఎరుపూ తెలుపూ ఒక్కలాగే ఉంటాయి."

ఆయన చేతిలోని సీసాకు మల్లెపువ్వులాంటి చీటీ.

"అయితే నెలరోజులూ..."

"లెక్క తప్పినవన్నీ తెల్ల చీటీ సీసాలే. ఉత్త మంచినీళ్ళే సార్."

ఆయన మోకాళ్ళు రెండూ అక్కడికక్కడే కటుక్కుమన్నాయి.

ఆయనే పైవాళ్ళ దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకున్నారు. బాబాయి ఉద్యోగం నిలిచింది.

మందు తాగిన ఎలుకలు నాలుగు నెలలు ఎక్కువ బతికాయి. మంచినీళ్ళు తాగిన ప్రొఫెసరు గారు ఆ తర్వాత ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికారు. వీలునామాలో పుస్తకాలు అమ్మాయికి, వెండిపిడి చేతికర్ర బాబాయికి, ఇల్లు ప్రయోగశాలకు. ఎదురుచూసి ఎదురుచూసి, జుట్టూడి, గూనెక్కిన అల్లుడికి — పరదాలు కూడా దక్కలేదు.