మూలకర్ణం

ఉదయం ఏడింటికే అనకాపల్లి బెల్లం మార్కెట్ దారిలో శ్రవణ తోరణం ముందు బండ్లు బారులు తీరాయి. ఒక్కో కారూ తోరణం కిందికి వచ్చి, ఇంజన్ ఆపకుండా పది సెకన్లు నిలబడాలి. పైనున్న వందల సన్నటి రంధ్రాలు ఆ చప్పుడంతా పీల్చుకుని రోగమేమిటో చెప్పేవి. “ఫ్యాన్ బెల్టు వదులు. సాయంత్రంలోగా బిగించాలి.” “వాహనం నిర్దోషం.” ఆ మాట పడ్డాక ముందు అద్దం మీద ఆ రోజు ధ్వనిపత్రం పచ్చగా వెలిగేది. అది లేని బండి ఊరు దాటదు. తోరణం చెప్పని భాగం మీద ఏ మెకానిక్కూ స్పానర్ పెట్టకూడదు.

రోడ్డుకు అవతల టీ బడ్డీ బెంచీ మీద కూర్చున్న దాలినాయుడికి దాటిపోయే డ్రైవర్లు దండం పెడుతున్నారు. డెబ్బై దాటిన ఆ మెకానిక్ చెవే తోరణం చెవి. బండ్లన్నీ చెరకు ఇంధనానికి మారిన కొత్తలో, చప్పుడు విని రోగం చెప్పే యంత్రాన్ని చేయాలనుకున్నవాళ్ళు జిల్లాలన్నీ గాలించి ఆయన్ని పట్టుకున్నారు. విశాఖ ప్రయోగశాలలో మూడేళ్ళు కూర్చోబెట్టి నలభై వేల ఇంజన్లు వినిపించారు. ఆయన ఏదంటే యంత్రం అదే నేర్చుకుంది. చివర్లో శాలువా కప్పి ‘మూలకర్ణం’ అని బిరుదిచ్చారు. ఎనిమిదేళ్ళుగా రాష్ట్రంలో ప్రతి తోరణమూ దాలినాయుడిలాగే వింటోంది.

నూకరత్నం వచ్చి ఆయన ఎదుట నిలబడింది. ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు పని నేర్చుకుని, ఇప్పుడు ఆయన షెడ్డునే నడుపుతున్న మనిషి.

“బాబాయ్, ఒకపాలి షెడ్డుకి రా. ఓ కారు ఎత్తు ఎక్కినప్పుడల్లా గుంజుతోంది. తోరణం మూడుసార్లు ప్లగ్గులంది, మూడుసార్లూ మార్చాను. ఈ రోజేమో బండి బాగుంది, తొక్కేవాడి కాలిదే తప్పు అనీసింది.”

“అయితే కాలిదే.”

“కాదు. ప్లగ్గుకి నిప్పందించే కాయిల్. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటోదానికి పెట్టాను. గుంజుడు కూడా ఒకటోదానికే వచ్చీసింది.”

“తోరణం చెప్పకుండా విప్పావా?”

“విప్పాను. తర్వాత పట్టిద్దువుగాని, ముందు విను.”

షెడ్డులో దాలినాయుడు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని ఇంజన్ మీదికి వంగాడు. నాలుగు సిలిండర్ల పరుగులో ఒకటి కాలు ఈడుస్తోంది. అది తప్ప మరే చప్పుడూ లేదు.

“ప్లగ్గే,” అన్నాడు.

నూకరత్నం షట్టరు దించింది. చీకటి చాలదని ఒక గోనెపట్టా తెచ్చి బానెట్ మీదా, తమ ఇద్దరి తలల మీదా కప్పింది. సీసాతో కాయిల్ మీద నీళ్ళు చిలకరించింది. కాయిల్ ఒంటి మీద వెంట్రుకంత పగులు. ఆ పగుల్లోంచి నీలం రవ్వ ఇంజన్ ఇనుము మీదికి దూకింది. మళ్ళీ దూకింది. ప్లగ్గుకు అందాల్సిన నిప్పు దారిలోనే కారిపోతోంది.

“చూశావా? దూకినప్పుడల్లా ఎలా చిటుక్కుమంటోందో!”

“ఏది?” అన్నాడు దాలినాయుడు.

రవ్వ దూకుతూనే ఉంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు.

“నీకెప్పట్నుంచి తెలుసు?” అని అడిగాడు చివరికి.

“ప్రయోగశాల రోజుల్నుంచి. నన్నూ రెండు నెలలు కూర్చోబెట్టారు కదా. నేను కాయిల్ అన్నచోటల్లా నువ్వు ప్లగ్గన్నావు. నీతో కలవటం లేదు, నా చెవి పనికిరాదని పంపీసారు. సన్న చప్పుళ్ళు నీకు అందటం లేదేమో, ఒకసారి చూపించుకో బాబాయ్ అని చెప్పాను. నువ్వు నవ్వీసావు.”

ఆయనకు గుర్తుంది. నవ్వింది ఎందుకో కూడా గుర్తుంది. ఆ ఏడాదికే ఇంట్లో ఫోను మోగితే వినబడక, వణికేలా మార్చి జేబులో పెట్టుకునేవాడు. నలభై ఏళ్ళు సైలెన్సర్ లేని ఇంజన్ల మధ్య బతికిన చెవులవి. ఆ సంగతి ఒప్పుకుంటే ఆ కుర్చీ పోతుందని ఎవరికీ చెప్పలేదు. యంత్రం ఆయన విద్యతోపాటు ఆయన చెవుడునూ నేర్చుకుంది.

షట్టరు ఎత్తాక వెలుతురు మొహాన కొట్టింది. అప్పుడు దాలినాయుడికి బొంజుబాబు గుర్తొచ్చాడు.

నాలుగేళ్ళ కిందట పాడేరు ఘాట్లో, నిటారు మలుపు దగ్గర, బొంజుబాబు జీపు ఎక్కుతూ ఎక్కుతూ ఆగి, వెనక్కి జారి లోయలో పడింది. అతని భార్య చిలకమ్మ, మరో ప్రయాణికుడు పోయారు. “బండి గుంజింది బాబూ, దమ్ము తెగిపోనాది,” అని అతను కోర్టులో మొత్తుకున్నాడు. జీపులో చప్పుళ్ళన్నీ నమోదుచేసే ధ్వనిపేటికను తోరణానికి వినిపిస్తే ఇంజన్ నిర్దోషమంది. అనుమానం తీర్చుకోవడానికి మూలకర్ణాన్ని పిలిచారు. దాలినాయుడు శాలువా కప్పుకుని వెళ్ళి, విని, ఇంజన్ దమ్ము తగ్గినచోట డ్రైవర్ కాలు సడలింది, కునుకు పట్టి ఉంటుందని సంతకం చేశాడు. బొంజుబాబుకు రెండేళ్ళు జైలు పడింది.

మర్నాడే ఇద్దరూ విశాఖలో తోరణాల ప్రమాణాధికారి కాత్యాయని ముందు కూర్చున్నారు. దాలినాయుడు దాచకుండా చెప్పాడు. ఆమె నమ్మలేదు. పాత ధ్వనిపేటిక తెప్పించి పెట్టించింది. గదిలో జీపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. నూకరత్నం కళ్ళు మూసుకుని, తనకు చిటుకు వినబడినప్పుడల్లా వేలితో బల్ల మీద కొట్టింది. మొదట ఎక్కడో ఒకటి. మలుపు దగ్గరపడేకొద్దీ వేలు ఆగకుండా ఆడింది. తెర మీద గీతలు చూస్తున్న కాత్యాయని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. వేలు పడ్డ ప్రతిచోటా తెర మీద ఒక సన్నటి ముల్లు లేచి ఉంది. దాలినాయుడికి మాత్రం జీపు హోరు, దాని వెనక ఒక ఆడమనిషి నవ్వు వినిపించాయి. తర్వాత అరుపులు.

“తోరణాలన్నీ సవరిస్తాం. దానికి మీ అనుమతి కూడా అక్కర్లేదు,” అంది కాత్యాయని. “ఆ కేసు తిరిగి తెరవాలంటే మాత్రం అతను అర్జీ పెట్టాలి. అతని సంతకం తెండి. శిక్ష కొట్టేయిస్తాను.”

“నాకు శిక్ష లేదామ్మా?”

ఆమె అర్జీ కాగితం ముందుకు జరిపింది.

బొంజుబాబు పాడేరు అవతల ఒక గూడెంలో మిరియాలు ఆరబోస్తూ కనిపించాడు. జైలు నుంచి వచ్చాక స్టీరింగ్ ముట్టలేదట. దాలినాయుడిని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

“నువ్వు నిద్రపోలేదు నాయనా. కాయిల్ పోయింది. నాకు వినబడలేదు. తప్పు నాది,” అని దాలినాయుడు చేతులు జోడించాడు.

“నిద్రపోయానో లేదో నాకిప్పుడు తెల్దు బాబూ,” అన్నాడు బొంజుబాబు. “మొదట్లో బాగా తెలిసేది. మిషన్ అంది, కోర్టంది, మీరన్నారు. జైల్లో వారం వారం ఆ పేటిక వినిపించి, ఎక్కడ కునుకేసావో చెప్పమనీవోరు. చెప్పగా చెప్పగా నిజంగానే కళ్ళు మూతలు పడ్డట్టు గుర్తొస్తాది. ఇప్పుడొచ్చి కాదంటే ఏటి సేసీది?”

“సంతకం పెట్టు. నీ మీద మచ్చ పోతుంది,” అంది నూకరత్నం.

అతను ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “లోపల మా అత్త ఉంది. చిలకమ్మ తల్లి. జైలు నుంచొచ్చిన రోజు గుమ్మంలో అడ్డం కూచుంది. బండే ఆగిపోనాది అత్తా అన్నాను. అబద్ధమాడకు, నిద్రపోయానని చెప్పు, అప్పుడే లోపలికి రానిస్తానంది. నాలుగు రోజులు బయటే ఉన్నాను. అయిదో రోజు చెప్పాను. అప్పుడు ఏడ్చి, కాళ్ళు కడిగి, కూడు పెట్టింది. ఈ రోజుకీ పెడతాంది. ఈ కాగితం దాని చెవిన పడితే, ఏ తప్పూ లేనోడి చేత చెప్పించానని అది బతకదు బాబూ. మాకు ఇంకెవులున్నారు?”

దాలినాయుడు ఏదో అనబోతుండగా ముసలామె రెండు స్టీలు గ్లాసులతో బయటికి వచ్చింది. పేరు దేవుడమ్మ. చిన్న మనిషి, కళ్ళకు మసక.

“ఎవులురా వీళ్ళు?”

“పాత బేరగాళ్ళు అత్తా. బండి తోలతావేటని అడగడానికొచ్చారు.” బొంజుబాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాలినాయుడి చేతిలోనే పెట్టేశాడు.

ఆమె నీళ్ళ గ్లాసు అందిస్తూ దాలినాయుడి పక్కన చతికిలబడింది.

“వీడింక తోలడు బాబూ. మంచోడే. ఆ రోజు ఒక్క కునుకు తీసాడు, అంతే. నా బిడ్డ పోనాది. మొదట్లో సంపీయాలనిపించింది. తప్పు ఒప్పుకున్నాక ఏటి చేస్తాం? ఒగ్గీసాను.” ఆమె మసక కళ్ళతో ఆయన మొహం వెతుక్కుంది. “మీరు పెద్దోరు, మీరే సెప్పండి. మనిషన్నాక నిద్ర రాదేటి?”

నూకరత్నం తల తిప్పుకుంది. బొంజుబాబు మిరియాల మీద వంగి పనిలో పడ్డాడు, ఆయన వైపు చూడకుండా.

దాలినాయుడు నీళ్ళు తాగాడు. గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

“వస్తాదమ్మా,” అన్నాడు. “అందరికీ వస్తాది.”