లోపల ఉన్నవారు: 1

తొండుపల్లి దాటాక, ఎయిర్‌పోర్టు గోడ వెంబడి పోతే, మందులు దాచే ఒక కోల్డ్ స్టోరేజ్ ఉంది. ఆకిఫ్, నేను కలిసి పెట్టిన కంపెనీకి అదే మొదటి పని.

లోపలి గది మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. గుమ్మానికి ఉన్న సెన్సర్ పోయేవాళ్లను, వచ్చేవాళ్లను లెక్కపెడుతుంది. సాయంత్రం నాలుగింటికి లెక్క సున్నా ఉంటేనే తలుపు దానంతటదే మూసుకుని తాళం పడుతుంది.

ఆ లెక్క చూసే ప్రోగ్రాం పాతది. దాని కంప్యూటర్ చెడిపోయింది, రాసినవాళ్లు దుకాణం మూసేశారు. మా కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేరే జాతి. పాత ప్రోగ్రాం ఆదేశాలు దానికి అర్థం కావు. ఆపరేటింగ్ సిస్టమే మధ్యలో కూర్చుని ఒక్కో ఆదేశాన్నీ మార్చి అందిస్తుంది. ఎమ్యులేషన్ అంటారు.

బాగానే నడిచింది. కాకపోతే ఖాళీ గదికి కూడా ‘లోపల: 1’ అని చూపించింది.

నలభై సార్లు పరీక్షించాను. ఇద్దరు పోతే మూడు. ఐదుగురు పోతే ఆరు. ఎప్పుడూ ఒకటే తేడా. మార్పిడిలో దొర్లిన తప్పు అనుకున్నాను. దాని లెక్కలోంచి ఒకటి తీసేసి తాళానికి పంపేలా చిన్న స్క్రిప్టు రాశాను.

వాచ్‌మన్ ఐలయ్య తాత తెర వంక చూశాడు.

“పాత కంప్యూటర్ డబ్బాల గూడ గంతే ఉంటుండె బిడ్డా. మునుపటి మేనేజర్ వీరేందర్ సార్ ఉన్నన్ని రోజులు చేత్తోనే తాళం ఏసేటోడు. లోపలికి తల పెట్టి ‘ఉన్నవా?’ అని అడిగి ఏసేటోడు.”

“ఎవర్ని?” అన్నాను.

“నేనేడ అడిగిన?”

“అయితే పాత తప్పే కాపీ అయింది తాతా,” అని నవ్వాను. చేతి తాళం పొద్దున మేమే ఊడదీశాం.

చివరి పరీక్ష ఒక్కటే మిగిలింది. మనిషి లోపల ఉంటే తాళం పడకూడదు.

“నేను పోత. తిరిగి రాకుంటే జల్‌పల్లిల మా అమ్మకు నా కబురు జర మంచిగ చెప్పు,” అని టీషర్ట్ మీదే లోపలికి నడిచాడు ఆకిఫ్.

ప్రోగ్రాం 2 అంది. స్క్రిప్టు 1 అంది. సరిపోయింది.

మూడు యాభై తొమ్మిది. పైన విమానం దిగుతోంది. అది పోయాక ఫ్యాన్ల హోరు ఒక్కటే. తడిసిన అట్టపెట్టెల వాసన.

గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ పరదా పక్కకు జరిగింది.

ఎవరూ రాలేదు.

నా మోకాళ్ల వెనక చల్లగా తగిలింది... అక్కడే ఆగింది.

ప్రోగ్రాం: 1. స్క్రిప్టు: 0.

నాలుగైంది. తలుపు జారింది. తాళం పడింది. లోపల లైటు ఆరింది.

“ఆకిఫ్!”

మందపాటి తలుపు అవతల గుద్దుతున్న చప్పుడు... ఎక్కడో దూరంగా ఉన్నట్టు. “తియ్యి బిడ్డా, తియ్యి!” ఐలయ్య తాత తలుపు పట్టి లాగాడు.

స్క్రిప్టు తెరిచాను. గుద్దుళ్ల మధ్య ఎడం పెరిగింది. ‘మైనస్ ఒకటి’ చెరిపేశాను. తాళానికి 1 అందింది. తలుపు కదిలింది.

ఆకిఫ్ నా మీద పడ్డాడు. కనురెప్పల మీద మంచు. పెదాలు నా చెవికి ఆనించి గుసగుసలాడాడు.

“నన్ను దాటుకొని బయటికి పోయిండు గదా... ఎవడు వాడు?”

తెర మీద ‘లోపల: 0’. ఐలయ్య తాత గదిలోకి తల పెట్టాడు. “ఉన్నవా?” అన్నాడు. వెనక్కి తిరిగి, నన్ను కాదు, నా పక్కన చూశాడు.

ఆకిఫ్‌ను దవాఖానలో చూపించి, ఇంటి దగ్గర దింపాను. ల్యాప్‌టాప్ నా వెంట తెచ్చుకున్నాను. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. సెన్సర్ తీగ అక్కడే వదిలేశాను కాబట్టి ఇక లెక్క కదిలే దారే లేదు.

శంషాబాద్‌లో నాది కిరాయి గది. ఒక్కడినే ఉంటాను. మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచాను.

లోపల: 2.

చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి నడిచాను. కిటికీ ఊచల్లోంచి తెర కనిపిస్తోంది.

లోపల: 1.