కళ్లద్దాల మీద మసక

పరిశోధకురాలు సుమలత శవం ల్యాబ్‌లో టేబుల్ పక్కన పడి ఉంది. తల వెనుక గాయం. చుట్టూ పగిలిన సీసా, గాజు పలక ముక్కలు, పిండిలాంటి తెల్లటి పొడి.

పెనుకొండ దగ్గరి ఆ ప్రైవేటు ల్యాబ్‌కు సీఐ ప్రేమలత పొద్దున్నే చేరింది. తలుపు పగలలేదు. తాళంచెవులు సుమలత కాక ఇద్దరి దగ్గరే ఉన్నాయి. డైరెక్టర్ శరత్, తోటి పరిశోధకుడు జయచంద్ర.

జయచంద్ర ఏడుస్తూనే వివరించాడు. ఆ పొడి కంటికి ఆనని స్ఫటికాలు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. వాటిని గాజు పలక మీద అతికించే ద్రవమే లింకర్. దాని అణువు ఒక కొసతో గాజును, రెండో కొసతో స్ఫటికాన్ని పట్టుకుంటుంది. ఇన్నాళ్లూ నీటి ప్రవాహానికి పొడి ఊడిపోయేది. నిన్న మధ్యాహ్నం సుమలత కొత్త లింకర్ చేసింది. ఎంత కడిగినా పొడి ఊడలేదు. ఎలా చేసిందో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఉన్నదంతా ఆ ఒక్క సీసాలోనే.

"నిన్న సాయంత్రం మీరెక్కడ?"

"హిందూపురంలో. మా అక్కోళ్లింట్లో ఉండా మేడమ్."

విచారిస్తే నిజమేనని తేలింది.

శరత్ ధర్మవరంలో చీరలు కొంటున్నానన్నాడు. రెండు రోజులుగా ల్యాబ్‌కే రాలేదట. చెబుతున్నంతసేపూ కళ్లద్దాలు తీసి తుడుస్తూనే ఉన్నాడు.

"ఒకసారి ఇటివ్వండి."

సాక్షుల ఎదుట ప్రేమలత ఒక అద్దం అంచును తడిగుడ్డతో రుద్దింది. తెల్లటి మసక పోలేదు.

"దుమ్మయితే పోయేది. ఇది గాజును పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం దాకా ఈ లింకర్ లోకంలోనే లేదు శరత్ గారూ. మీ అద్దాల మీదికి ఎలా వచ్చింది?"

శరత్ జరిగిందంతా చెప్పాడు. నిన్న సాయంత్రం పేటెంట్ తన పేరున వేయమని సుమలతను అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. సీసా లాక్కోబోయాడు. పెనుగులాటలో అది పగిలి, పొడితో కలిసి ఇద్దరి మీదా చిందింది. అతను తోసేశాడు. టేబుల్ అంచు ఆమె తలకు తగిలింది.

"అప్పటికి బతికే ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు" అన్నాడు.

ఫోరెన్సిక్ రిపోర్టు కేసును బలపరిచింది. కానీ ఆ లింకర్ తయారీ మాత్రం నిపుణులకు అంతుపట్టలేదు. జయచంద్ర నెలల తరబడి ప్రయత్నించాడు. ప్రతిసారీ పొడి నీళ్లలో కొట్టుకుపోయింది. చివరికి బెంగళూరులో రంగుల ఫ్యాక్టరీలో చేరాడు.

చార్జిషీటు వేశాక ప్రేమలత నల్లమాడ వైపు పల్లెకు వెళ్లింది. సుమలత నాయన రంగప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు ఆయన నడుమును ఏనాడో వంచేశాయి. శిక్ష పడుతుందని ఆమె చెప్పింది. ఆయన తల ఊపాడు.

"మన నీళ్లు బాగుచేస్తా నాయనా అనేది. ఇంగ ఆ పని ఎవురు చేస్తారమ్మా?"



ఎండన పడి వచ్చిందని రంగప్ప భార్య వెంకటక్క చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. బోరు నీళ్లే. ఆ ఊళ్లో వేరే నీళ్లు లేవు.

ప్రేమలత తాగింది.