అలారం ఆపినవారు

సర్వర్ మూడోసారి పడిపోయేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆటోనగర్‌లో మా ఫ్యాక్టరీ వెనకాల కిటికీ లేని గది అది. ఏసీ హోరు, తడిసిన గోనెసంచుల వాసన. పక్కన సన్యాసిరాజు అన్న. కంప్యూటర్ పని నాకు ఓనమాల నుంచి నేర్పింది ఆయనే.

దసరాకి వారం ముందు, రసాయనాల ట్యాంకు కడగడానికి దిగి మా కార్మికుడు వరహాలు చనిపోయాడు. విషవాయువు అలారం మోగుతున్నా లెక్కచెయ్యకుండా దిగాడని కంపెనీ రాసేసింది. అబద్ధమంటూ అతని భార్య అసిరమ్మ రోజూ గేటు దగ్గర నిలబడుతోంది. అలారం మోగిందో లేదో, ఎవరు ఆపారో సర్వర్‌లో సెకను సెకనూ నమోదయ్యే లాగ్ ఫైల్లో ఉంటుంది. ఆ ఒక్క ఫైల్ తెరిస్తే చాలు, సర్వర్‌ని నడిపించే మూల ప్రోగ్రాము, కెర్నల్, క్రాషై మిషన్ మొత్తం ఆగిపోతోంది.

డిస్కు పోయిందిలే, ఫార్మాట్ కొట్టేద్దామని అన్న పొద్దుట్నుంచీ నస పెడుతున్నాడు. నేను మొండిదాన్ని. డిస్కుని కాపీ తీసి, ఫైల్‌సిస్టమ్ అంతా నా లాప్‌టాప్‌లో గాలించాను. డిస్కుకి ఏ రోగమూ లేదు. ఆ ఫైల్ ఎక్కడుందో చెప్పే చోట ఎవరో కావాలని పిచ్చి అంకెలు నింపారు. వాటిని నమ్మి కెర్నల్ కూలబడుతోంది.

నింపింది ఆయుధపూజ రోజు సాయంత్రం. లాగిన్ పేరు సత్యశ్రీ. అంటే నేను.

ఆయుధపూజకి మా దగ్గర ఎవరి పనిముట్టు వాళ్లు అమ్మవారి ముందు పెడతాం. తెల్లారేదాకా ముట్టుకోం. ఫిట్టర్లు స్పానర్లు పెట్టారు. నేను నా లాగిన్ కీ పెట్టాను, పెన్‌డ్రైవంత ఉంటుంది, ఎవరు గుచ్చినా నా పేరుతోనే సర్వర్ తెరుచుకుంటుంది. దానికి బొట్టు పెట్టి, దీపం కొండెక్కకుండా కాపలా కూర్చున్నది సన్యాసిరాజు అన్న.

"అన్నా... నువ్వేనా?"

ఆయన గొంతు తగ్గించాడు. "అలారం ఊరికే కొట్టుకుంటందని ఆ రోజు నానే ఆపీసినానమ్మా. నాకిద్దరు ఆడపిల్లలు. నీకేటి, ఒంటిదానివి... ఎలాగో బతికీగలవు."

నాకు ఏడుపు కూడా రాలేదు. తోడబుట్టినవాడి కంటే ఎక్కువనుకున్నాను. ఆ చావు నా నెత్తిన రుద్దాలనుకున్నాడు. కాపీలో అంకెలు సరిచేసి ఫైల్ తెరిచాను.

వరహాలు దిగిన సమయం ఉంది. అలారం ఆపినవారు: సన్యాసిరాజు. అక్కడితో అయిపోవాలి.

అవలేదు.

కింద ఇవాళ్టి తేదీ. ఇప్పటి టైము. లోపల: ఒకరు. గ్యాస్ పెరుగుతోంది...

లాప్‌టాప్ నెట్‌వర్క్ వైరు పీకేశాను. కాపీ ఉన్న డిస్కు తీసేశాను. అయినా సెకనుకో లైను పడుతూనే ఉంది.

అన్న దగ్గాడు. "ఈ వాసనేటి... సత్యా?"

నాకే వాసనా రాలేదు.

ఆయన గొంతు పట్టుకున్నాడు. కుర్చీ పడింది. తలుపు బార్లా తెరిచి కేకేశాను. బయటి గాలి నా ముఖానికి కొట్టింది. ఆయన నోరు తెరిచాడు... ఆ గాలి ఆయనకి అందలేదు. కోపమంతా ఎటుపోయిందో, కింద కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. పెదవులు నల్లబడ్డాయి.

స్క్రీన్ మీద లైన్లు ఆగాయి. చివర్న ఒకటే కొత్తది.

అలారం ఆపినవారు: సత్యశ్రీ.

నా చేతులు రెండూ ఆయన తల కిందే ఉన్నాయి.