చివరి పది నిమిషాలు

ఆదివారమైనా సరే, డ్రైవరు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని సూదుల్లో దారాలు ఎక్కిస్తున్నాడు. మొత్తం పన్నెండు సూదులు. దూదిమెత్తకు ఎడమ అంచున మూడు తెలుపు, పక్కన మూడు నలుపు, ఆ పక్కన మూడు నీలం, కుడి అంచున మూడు ఆకుపచ్చ. ఏడాదిగా రోజూ ఇదే తంతు. వారానికి ఆరు రోజులు సిటీ బస్సు తోలే మనిషి, డ్యూటీకి పోయేముందు పెళ్ళానికి సూదులు సిద్ధం చేసి మరీ పోతాడు. కూతురు అది చూసి "అబ్బో, ఏం ప్రేమో!" అని వెక్కిరించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో చూసే తీరిక ఆ పిల్లకెక్కడిది!

పెళ్ళాం దర్జీ. వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. బట్ట కత్తిరిస్తుందని సగం, మాట కత్తిరిస్తుందని సగం. ముందుగదిలో కుట్టుమిషను, మిషనుకు ఎదురుగా టీవీ. పొద్దుట్నించి సాయంత్రం దాకా టీవీ మోగుతూనే ఉంటుంది, ఆమె కాలు మిషను తొక్కుతూనే ఉంటుంది, నోరు తీర్పులు చెబుతూనే ఉంటుంది. సినిమాలు, సీరియళ్ళు, ఏదైనా ఒకటే. ఆమెకు నచ్చింది ఇంతవరకూ ఒక్కటీ లేదు.

"ఆ ఇన్‌స్పెక్టరే హంతకుడు. రాసిపెట్టుకోండి," అంది ఆ ఉదయం కూడా.

"ఇంకా ఆరు భాగాలున్నాయే బాబూ, కాస్త ఆగు," అన్నాడు డ్రైవరు.

"ఆగడమెందుకు? నిజం చెప్పేవాడు అంత నెమ్మదిగా మాట్లాడతాడా? మాటకీ మాటకీ మధ్య మనం బజారుకెళ్ళి రావచ్చు. నిన్నటి దయ్యం సినిమా మాత్రం ఏం బాగుంది? దయ్యం వచ్చే ముందు ఒకడు వయొలిన్ పట్టుకుని తయారు. దయ్యం సంగతి సరే, ముందు వాణ్ణి కట్టెయ్యాలి. ఆ ప్రేమకథ హీరోకైతే ప్రేమ కాదు, జలుబు. మాటకోసారి ముక్కు ఎగపీల్చుడే!"

లోపలి గదిలోంచి కూతురి నవ్వు వినిపించింది. మందుల షాపులో పనిచేస్తుంది ఆ పిల్ల, ఇరవై ఆరేళ్ళది. ఆదివారం షాపుకి సెలవు. సెలవుంది గనుకే తెల్లారగానే ఫోను తెచ్చి దారాల డబ్బాకి ఆనించి, "ఛార్జింగ్ పెట్టానమ్మా, కదపకు," అని చెప్పి పోయింది. నాలుగు నెలలుగా అలాగే చెబుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను పట్టించింది మాత్రం ఒక నర్సు.

ఆ నర్సు పక్కవీధిలోనే ఉంటుంది. పది గంటలప్పుడు సుడిగాలిలా వచ్చి, యూనిఫాం కోటు మిషను మీద పడేసింది.

"ఏంటక్కా ఇది? తెల్ల కోటు అంచుకి ఆకుపచ్చ దారమా? వార్డులో పెద్ద సిస్టరు నాకు పెట్టిన చివాట్లు ఇన్నీ అన్నీ కావు!"

కత్తెరమ్మ చేయి దూదిమెత్త మీదికి పోయి ఎడమ అంచు తడిమింది. "తెలుపే పెట్టానమ్మా. ఇక్కడిదే తీశాను."

"తెలుపేంటక్కా, ఎదురుగా కనిపిస్తుంటేనూ!" నర్సు కోపంగా మొదలెట్టి నవ్వేసింది. "అయినా సినిమాలు చూస్తూ కుడితే ఇలాగే ఉంటుంది. ఫోన్లో మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉన్నాంగా."

"ఫోన్లో నన్నా?"

"మరి? మొన్నటిదైతే మా వార్డంతా పడీ పడీ నవ్వాం." నర్సు ఫోను తీసి ఠపీమని నొక్కింది.

కత్తెరమ్మ గొంతే వినిపించింది. 'ఇదేం ముగింపు? చివరి పది నిమిషాలు ఏమీ జరగలేదు. ఒక తలుపు చప్పుడు, ఒక కుర్చీ చప్పుడు, అంతే! మాటలు రాసేవాడికి జీతం ఇవ్వలేదేమో, మధ్యలో లేచిపోయాడు!' ఆ వెనకే పకపకా నవ్వు. అది కన్న కూతురి నవ్వు. ఎంతమంది నవ్వినా ఆ ఒక్క నవ్వు తల్లికి తెలియదా?

నర్సుకు గదిలో వేడి తగిలింది. "కోటు సాయంత్రానికివ్వండి అక్కా," అని గొణిగి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

"ఏమే! ఇలా రా!"

వీధి చివరిదాకా వినిపించేలా ఉంది ఆ కేక. కూతురు తడి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి నిలబడింది. తల్లి మొహం చూడగానే సంగతి అర్థమైపోయింది.

"నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట! నా మొహానికి ఎదురుగా పెట్టి ఛార్జింగ్ అంటావే? కన్నతల్లి దగ్గర ఇంత అబద్ధమా?"

"ఏం తప్పు చేశానని అంత అరుస్తున్నావు? అరవై వీడియోలమ్మా! జనం నిన్ను మెచ్చుకుంటున్నారు. షాపులో మాత్రలు కొనేవాళ్ళు 'నువ్వు కత్తెరమ్మ కూతురివి కదూ' అని అడుగుతున్నారు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా గుర్తుపట్టడం అదే మొదటిసారి, తెలుసా?"

"నీకు గుర్తింపు కావాలంటే నువ్వు గెంతు, నువ్వు ఆడు! నన్ను ఆడిస్తావేంటే? మెచ్చుకుంటున్నారట! కోతిని చూసి నవ్వినట్టు నవ్వుతున్నారు. వాళ్ళంటే పరాయివాళ్ళు. అందులో నీ నవ్వు లేదూ?"

కూతురికి కూడా ఒళ్ళు మండింది. తప్పు చేసినవాళ్ళ కోపానికి హద్దుండదు కదా.

"నవ్వక ఏం చెయ్యమంటావు? ఆ సినిమా చివర చూసి నేను రెండుసార్లు ఏడ్చాను. నువ్వేమో ఏమీ జరగలేదంటావు! కళ్ళుండీ చూడకపోతే ఆ తప్పు కూడా నాదేనా?"

డ్రైవరు గబుక్కున లేచాడు. "నోర్ముయ్! ఇక చాలు."

"మీరుండండి," అంది కత్తెరమ్మ. తర్వాత నెమ్మదిగా, "ఏం జరిగిందే చివర్లో?" అని అడిగింది.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఆయన తిరిగొచ్చాడు కదమ్మా. ఇల్లు వదిలేసి పోయిన మొగుడు..."

"వచ్చాడా?"

కూతురు టీవీ వైపూ తల్లి వైపూ చూసింది. ఆ సినిమా నడిచినంతసేపూ అమ్మ ఇదే కుర్చీలో, టీవీకి నాలుగడుగుల దూరంలో ఉంది. మిషను మీద తెల్ల కోటు పరిచి ఉంది. అంచు పొడవునా ఆకుపచ్చ కుట్లు. అంత చక్కటి కుట్టు, అంత తప్పు రంగు. శుక్రవారం పొద్దున్న షాపుకి ఆలస్యమవుతుంటే తను ఆ మెత్త మీంచి ఆకుపచ్చ దారం సూది లాగి గుండీ కుట్టుకుంది. ఎడమ అంచున ఖాళీ కనిపిస్తే అక్కడే గుచ్చి పరిగెత్తింది. అక్కడుండాల్సింది తెలుపని తనకు తెలియదు. అమ్మ చేతికి మాత్రం తెలుసు.

ఇన్‌స్పెక్టరు గొంతు. దయ్యం ముందు వయొలిన్. హీరో ముక్కు. అరవై వీడియోల్లో అమ్మ ఒక్కరి మొహం గురించి, ఒక్క చీర గురించి మాట్లాడిన పాపాన పోలేదు.

"అమ్మా... నా తలకున్న తువ్వాలు ఏ రంగు?"

కత్తెరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. డ్రైవరు నేల చూపులు చూశాడు.

"నీకు తెలుసు నాన్నా! అందుకే రోజూ సూదులు ఎక్కిస్తున్నావు! ఇంట్లో నేనొక్కదాన్నే పిచ్చిదాన్నా?"

"ఒట్టు వేయించుకుందే, ఏం చెయ్యను? డాక్టరన్న మాటెత్తితే అన్నం మానేస్తుంది."

"కళ్ళు పోతుంటే ఒట్టేంటి నాన్నా ఒట్టు! బుద్ధుందా మీ ఇద్దరికీ?"

"పోతే పోనీ!" కత్తెరమ్మ బల్ల మీద గుద్దింది. డబ్బాలో దారపుండలు ఎగిరిపడ్డాయి. "మా అమ్మని అలాగే కళ్ళ ఆపరేషనుకి తీసుకెళ్ళారు. కట్టు విప్పేసరికి ఉన్న చూపు కూడా పోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు గోడ పక్కన కూర్చోబెట్టారు. కూరగాయలు తరుగుతానంటే చెయ్యి తెగుతుందన్నారు, బట్టలు మడతపెడతానంటే వద్దన్నారు. ఎంత పనిమంతురాలో తెలుసా మా అమ్మ! నాకు పొగలా కనిపిస్తున్నా చేతిలో పనుంది. మీకు తెలిస్తే ముందు తీసేది ఈ మిషనునే!"

"అందుకని ఏడాది పాటు నటించావా? నటన రాదని ప్రపంచంలో ఉన్న హీరోలందర్నీ తిడతావే!"

అరుస్తూనే కూతురు ఏడ్చేసింది. తువ్వాలు ఊడి కిందపడింది. "నేనే గుడ్డిదాన్నమ్మా. నిన్ను ఆ ఫోన్లో ముక్కలు ముక్కలుగా కోసి, అతికించి, ఒక్కొక్కటీ పదిసార్లు చూశాను. అయినా చూళ్ళేదు."

కత్తెరమ్మ చేయి చాచింది. కూతురి తల ఎక్కడుందో ఒకసారి వెతుక్కుని, తడి జుట్టు మీద వేసింది. "సరిపోయింది. నువ్వు నన్ను చూడలేదు, నేను నీ ఫోన్ని చూడలేదు," అంది. తర్వాత కసిరింది. "తల తుడుచుకో ముందు. జలుబు చేస్తే ఆ హీరోలా తయారవుతావు."

ఎవరికీ నవ్వు రాలేదు, డ్రైవరుకి తప్ప. ఆయన కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

కూతురు నేల మీద కూర్చుని, కోటు ఒళ్ళో వేసుకుని, బ్లేడుతో ఆకుపచ్చ కుట్లు విప్పసాగింది.

"బ్లేడు అడ్డంగా పెట్టకు, బట్ట చిరుగుతుంది," అంది తల్లి, ఆ చప్పుడు విని.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నాం. షాపుకి సెలవు పెడతాను."

"మిషను?"

"నీ మిషను మీద ఎవరైనా చెయ్యేస్తే ఆ చెయ్యి విరిచెయ్. నాదైనా సరే."

కత్తెరమ్మ మిషను చక్రం మీద చెయ్యేసుకుంది. "ఒక్కసారే వస్తాను. చూసి చెప్పమను. కోసే మాటెత్తితే లేచి వచ్చేస్తా," అంది చివరికి.

"వీడియోలన్నీ తీసేస్తానమ్మా."

"అడక్కుండా పెట్టావు, అడక్కుండా తీస్తావా? ఉండనీ, ఆ ఇన్‌స్పెక్టరు సంగతి నేను చెప్పింది నిజమే. ఆ చివరి పది నిమిషాలది మాత్రం తీసెయ్. చూడకుండా అన్న మాట, తప్పు." టీవీ వైపు తిరిగి, "ఆ సినిమా మళ్ళీ పెట్టు. నువ్వు చెబుతూ ఉండు," అంది.

కూతురు చివరి పది నిమిషాలు పెట్టింది. తలుపు చప్పుడైంది.

"ఆయన గుమ్మంలో నిలబడ్డాడమ్మా. జుట్టు నెరిసిపోయింది. ఆవిడ ఒక్కతే బల్ల దగ్గర అన్నం తింటోంది. తలెత్తలేదు. ఆయన ఇంటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ దాచుకున్నాడు దాన్ని. ఇంక వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాడు. ఆవిడ బల్ల కిందనుంచి కాలు చాచి..."

కుర్చీ నేల మీద గీరుకున్న చప్పుడైంది.

"కుర్చీ తోసిందా? ఆయన కూర్చోడానికా?"

"అవునమ్మా."

కత్తెరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు కారిపోతున్నాయి. "ఇంత జరిగిందా," అంది. "నా ఎదురుగానే ఇంత జరిగిందా!" అంతలోనే కోపం తన్నుకొచ్చింది. "ఆ డైరెక్టరుకి బుద్ధి లేదూ? 'కూర్చో' అని ఒక్క మాట అనిపిస్తే వాడి సొమ్మేం పోయింది? నాలాంటి వాళ్ళు ఎంతమంది వింటూ ఉంటారు!"

తెర మీద పేర్లు పడుతున్నాయి. డ్రైవరు మెత్త మీంచి తెల్లదారం సూది ఒకటి తీసి పెళ్ళాం చేతికిచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని, కుట్టకుండా అలాగే కూర్చుంది.

"ఏమే," అంది కాసేపటికి.

"ఏంటమ్మా?"

"ఆ కుర్చీ ఏ రంగు?"

కూతురు సినిమాను వెనక్కి జరిపి, తెరకు దగ్గరగా వెళ్ళి, ఈసారి నిదానంగా చూసింది.

"ఎరుపమ్మా. బాగా వాడినట్టుంది, చేతులు పెట్టుకునే చోట వెలిసిపోయింది."