నార్వే బొమ్మ పక్కన ఎర్రమరక

"సార్, మూడింటికి పోలీసుల్ని పిలుస్తారట. నేను చెయ్యలేదు," అంది గీతిక, కుర్చీలో కూర్చోకుండానే.

వెర్రిబీ అనే ఊళ్లో ప్రైవేట్ డిటెక్టివ్ విఠల్ ఆఫీసులో అప్పుడు పదకొండయింది. గీతిక యూనివర్సిటీలో బొమ్మలు వేయడం నేర్చుకుంటూ, దగ్గర్లోని చిన్న గ్యాలరీలో పార్ట్‌టైమ్ చేస్తోంది. అక్కడ ఆ సాయంత్రం నార్వే పాత చిత్రాల ప్రదర్శన మొదలవాలి. తొమ్మిదింటికి చూస్తే, చేప, నిమ్మకాయలు ఉన్న నూటయాభై ఏళ్లనాటి బొమ్మను ఎవరో నిలువునా కోసేశారు. పక్కన తెల్లగోడ మీద ఎర్రటి వేళ్ల మరక.

"అక్కడ రెడ్ పెయింట్‌తో పనిచేసేది నేనొక్కదాన్నే. కేసయితే ఇంక నన్ను ఏ గ్యాలరీ గుమ్మం ఎక్కనివ్వరు సార్."

విఠల్ లేచేసరికి అసిస్టెంట్ ఆండాళ్ కారు తాళాలు తీసేసింది. ఆయన కదిలితే కేసు తేలినట్టే అని ఆమె నమ్మకం.

గ్యాలరీ గుమ్మంలో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన దీపస్తంభం ప్రారంభోత్సవానికి సిద్ధంగా ఉంది. లోపల మంచుకొండలు, పడవలు, పిల్లల కథలకు గీసిన రాక్షసుల బొమ్మలు. విఠల్ వాటివైపు చూడనైనా లేదు. మరక దగ్గర ముక్కు పెట్టాడు. అద్దాలు తుడిచే లిక్విడ్ వాసన. ఎరుపు అంచుల్లో సన్నగా పసుపు.

"దీపం ఎవరు అలంకరించారు మేడమ్?"

"మా అసిస్టెంట్ వీణ. ఎర్లీగా వచ్చి తనే చేసింది. తొమ్మిది దాకా నేను ఎయిర్‌పోర్ట్‌లో గెస్ట్‌లతో ఉన్నా," అంది డైరెక్టర్ రత్నకుమారి.

"గీతికా, నువ్వు దీపాన్ని ముట్టుకున్నావా?"

"లేదు సార్. స్ట్రెయిట్‌గా వర్క్‌షాప్ రూమ్‌లోకే వెళ్లా."

విఠల్ కేటలాగ్ తిరగేశాడు. లోపలా బయటా రత్నకుమారి పేరొక్కటే. "ఈ బొమ్మల్ని తెప్పించింది ఎవరు?"

"మూడేళ్లు మెయిల్స్, పర్మిషన్లు అన్నీ వీణే చూసింది. అసిస్టెంట్ పనేగా అది."

ఆ మాట తేలిగ్గా అనేసింది. ఆండాళ్‌కి ఒళ్లు మండింది.

రెండున్నరకి విఠల్ వీణతో సహా ముగ్గురినీ కోసిన బొమ్మ ముందు నిలబెట్టాడు. దీపం మీది పసుపు టిష్యూకి రుద్ది, అద్దాలు తుడిచే లిక్విడ్ చల్లాడు. పసుపు ఎర్రబడింది.

"పసుపులో సున్నం కలిపి హారతికి ఎర్రనీళ్లు చేస్తాం కదా, ఇదీ అంతే, ఈ లిక్విడ్‌దీ సున్నం గుణమే. ఇది పెయింట్ కాదు. కుంకుమైతే అంచు పసుపుగా ఉండదు. చేతి పసుపు గోడకి అంటింది, తుడవబోతే ఎర్రబడింది. పొద్దున పసుపు ముట్టింది ఒక్కరే. వీణగారూ, నేరం గీతిక మీదకి పోతుంటే ఊరుకున్నారు."

వీణ తల దించలేదు. "మూడేళ్లు దీనికోసం చచ్చాను. కేటలాగ్‌లో నా పేరెక్కడా లేదు. ఈవిడ అందరి ముందూ సిగ్గుతో చావాలనే కోశా. నాకేం బాధ లేదు."

"నేనేం చేశానక్కా? నా పేరు పోయేది."

"నా పేరు పోయినప్పుడు ఎవరడిగారు?"

గీతికకి జాలి కలగలేదు, కసి పుట్టింది. రత్నకుమారి చేతిలోని ఫోన్ లాక్కుని పోలీసులకు తనే కాల్ చేసింది. ఎవరు చేశారని అటువైపు అడిగారు. వీణ కళ్లలోకి చూస్తూ, ఇంటిపేరుతో సహా ఆమె పేరు చెప్పింది.