విశ్వపతి సారు సగటు బిందువు

చుక్కలు పెట్టిన పటాన్ని బండ మీద పరిచి, విశ్వపతి దాని నడిమధ్యన వేలితో గట్టిగా నొక్కాడు.

"ఇక్కడే! నిధి ఇక్కడే ఉంది!"

నల్లమలలో పశువుల కాపరులకు, తేనె తీసేవాళ్లకు ఏళ్ల తరబడి పాత బంగారు నాణేలు దొరుకుతున్నాయి. అవి దొరికిన చోట్లే ఆ చుక్కలు. వాటన్నిటికీ సగటు కడితే వచ్చిన బిందువు వాగు ఒడ్డున ఉన్న ఈ బిలం మీద పడింది. భూగోళశాస్త్రంలో గణాంక పద్ధతులు బోధించే ఆ మహానుభావుడికి సగటు అంటే దేవుడితో సమానం. క్లాసులో ఎవరైనా అనుమానం అడిగితే డస్టర్ విసిరేవాడు.

వెంట వచ్చినవాళ్లు ఎమ్మే విద్యార్థులు ఇద్దరు. బాలమణి పటాలు గీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆమెకన్నా ఒక ఏడు చిన్నవాడైన కురుమూర్తి గుట్టలెక్కడంలో దిట్ట. ప్రాక్టికల్ మార్కులు సారు చేతిలో ఉన్నాయి కాబట్టి ముళ్లకంపల్లో నోరెత్తకుండా నడిచి వచ్చారు.

బిలం నిట్టనిలువుగా లోపలికి దిగింది. కురుమూర్తి నడుముకు తాడు కట్టుకుని అడుగుదాకా జారాడు. ముడి విప్పుకుని, టార్చి వేసి మూలమూలలా గాలించాడు.

"సార్! ఈడ ఏం లేదు! బురద, జంతువుల బొక్కలు, గంతే!"

విశ్వపతి సరసరా తాడు పైకి లాగేసుకున్నాడు. "దొరికాక పిలువు. అప్పుడు వేస్తా."

"తాడు గుంజుకుంటే వాడెట్ల వస్తడు సార్?" బాలమణి నివ్వెరపోయింది.

"సగటు తప్పదు. వాడే సరిగ్గా వెతకడం లేదు."

అంతలో పైన గుట్టల మీద ఉరుములు మొదలయ్యాయి. వాగు నీళ్లు ఎర్రబారి ఉబ్బాయి. ఒక పాయ గట్టు తెంచుకుని బిలంలోకి దూకింది.

"అక్కా! నీళ్లొస్తున్నయ్! తాడెయ్యమను!" కురుమూర్తి లోపలి నుంచి బొబ్బలు పెట్టాడు.

బాలమణి తాడు మీదికి ఉరికింది. విశ్వపతి నడుముకున్న కత్తి దూసి అడ్డం నిలబడ్డాడు. "మునిగేలోపు దొరుకుతుందిలే," అని నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు ఆ మనిషి మీద మిగిలిన గౌరవం కాస్తా పోయింది.

ఏం చెయ్యాలో తోచక ఆమె పటం వైపు చూసింది. చుక్కలు గుండ్రంగా పరుచుకుని లేవు. వాగు వెంబడి పొడుగ్గా బారులు తీరి ఉన్నాయి. అంటే నాణేలను వాగే మోసుకొచ్చింది! అలాంటి చుక్కలకు సగటు కడితే దారి మధ్యలో తేలుతాం తప్ప ఇల్లు దొరకదు. నిధి ఉండాల్సింది ఆ బారుకు ఎగువ కొసన.

"సార్! నిధి ఏడుందో నాకు ఎరుకైంది. వాణ్ని పైకి గుంజుండ్రి, చూపిస్త!"

"ముందు చూపించు."

"వాడు సస్తడు సార్!"

"అయితే తొందరగా చూపించు."

ఆమె ఎదుటి గుట్టను చూపించింది. అక్కడ ఒక గుహలోంచి వాగు బయటికి వస్తోంది. నాణేలు ఎలా కొట్టుకొచ్చాయో రెండు ముక్కల్లో చెప్పింది. విశ్వపతి కళ్లు మెరిశాయి. తాడు చుట్ట భుజాన వేసుకుని పరుగందుకున్నాడు.

"సార్! తాడు!"

"అక్కడ నాకు కావాలి!" వెనక్కి తిరగకుండానే అరిచాడు.

బాలమణి నోటిదాకా ఇంకో మాట వచ్చింది. దాన్ని మింగేసింది.

సంచిలోంచి భూమి కొలిచే ఇనుప గొలుసు లాగి, ఒక కొస చెట్టుకు చుట్టి, రెండో కొస బిలంలోకి విసిరింది. అందలేదు. "నీళ్లతోటి పైకి తేలు కురుమూర్తీ! గోడ ఇడువకు!" అని గొంతు చించుకుంది. సుళ్లు తిరిగే నీళ్లు అతన్ని బండలకేసి బాదుతూనే పైకి లేపాయి. చివరికి గొలుసు చేతికి చిక్కింది. గొలుసులోని ఇనుప కడ్డీలు కుడి అరచేతి తోలు ఊడదీస్తుంటే, ఆమె పైకి గుంజగా కేకలు పెడుతూ ఎక్కి వచ్చాడు. ఒడ్డున పడి బురద కక్కుకున్నాడు. ఎడమ చెయ్యి విరిగి వేలాడుతోంది.

అప్పుడే గుట్ట గర్జించింది. గుహ నోట్లోంచి వరద ఒక్క పెట్టున విరుచుకుపడింది. "తాడు! ఎవరైనా తాడు వెయ్యండి!" అన్న కేక ఒక్కసారే వినిపించింది. కాసేపటికి విశ్వపతి వాళ్ల ముందు నుంచే కొట్టుకుపోయాడు. తాడు మెడకు చుట్టుకుని ఉంది. వరద వెనకే నాణేలు వచ్చి బండల సందుల్లో ఇరుక్కుని తళతళలాడాయి.

కురుమూర్తి వాటి వైపు చూడలేదు. "వానపడితే గుహలకెల్లి వరద దుంకుతదని నీకు ఎరుకనా అక్కా?"

"నాణేలను బయటికి తోసింది ఆ వరదనే గద."

"మరి సారుకు చెప్పకపోతివి?"

"నిధి ఏడుందని అడిగిండు. చెప్పిన." ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు భయం కూడా వెయ్యలేదు.

ఆమె లేవమని చెయ్యి అందించింది. కురుమూర్తి ఆ చెయ్యి పట్టుకోలేదు. బండను ఆనుకుని తనంతట తానే లేచాడు. అడవి దాటేదాకా ఆమెను ముందు నడవనిచ్చి, తాను దూరంగా వెనక నడిచాడు.